సరిహద్దు దాటే చందా

ఎద్దుమైలారం అనగానే సంగారెడ్డి వాళ్లకు ఆయుధ కర్మాగారం గుర్తొస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో తొలి బ్యాచ్‌లుగా చదివినవాళ్లకైతే తరగతి గదులు గుర్తొస్తాయి. 2008లో ఆ సంస్థ మొదలైంది ఫ్యాక్టరీ ఎస్టేట్‌లోనే. 2015లో కందికి మారింది. 2025 జనవరిలో మాత్రం ఆ ఊరి పేరు వేరే కారణంతో పత్రికలకెక్కింది. వీధికుక్కల మూతులూ కాళ్లూ కట్టేసి, దాదాపు 40 అడుగుల ఎత్తున్న వంతెన మీంచి ఎవరో కిందికి విసిరేశారు. 21 కుక్కలు చనిపోయాయి. కొన ఊపిరితో దొరికిన 11 కుక్కల్ని జంతు సంక్షేమ కార్యకర్తలు పైకి తీసి నాగోల్‌లోని షెల్టర్‌కు చేర్చారు. మహానగరానికి పడమటి కొసన గాయపడిన జీవికి తూర్పు కొసన వైద్యమన్నమాట!

దీనికి ఏడు నెలల ముందు సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 జూన్‌లో పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్‌లో వీధికుక్కల దాడిలో ఓ పసివాడు ప్రాణాలు కోల్పోయాడు. పొట్టకూటి కోసం వలసొచ్చిన కుటుంబం వాళ్లది. పరిశ్రమలున్నచోట కూలీల గుడిసెలు, క్యాంటీన్ల ఎంగిలి, చికెన్ దుకాణాల వ్యర్థాలు, ఖాళీ ప్లాట్లు... అన్నీ ఉంటాయి. కుక్కలు పెరగడానికి అంతకంటే ఏం కావాలి? వంతెన కింద కుక్కల గురించే మాట్లాడి ఇస్నాపూర్ బిడ్డ ఊసెత్తని జంతుప్రేమికుడి మాట ఆ బస్తీల్లో ఎవరూ వినరు. వినకపోవడం న్యాయమే.

ఇలాంటి వార్త చదివి ముందుగా కదిలేది కుర్రకారు. కందిలో ఐఐటీ, రుద్రారంలో గీతం... సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల చదువుకునే పిల్లలకు కొదవలేదు. ఇక్కడ చదివి అమెరికా వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు. ఫోన్‌లో ఫొటో చూస్తారు, తలా పది డాలర్లు వేసుకుందామంటారు. విద్యార్థుల ఉత్సాహాన్ని తీసిపారేయడానికి లేదు. జేన్ గూడాల్ 1991లో టాంజానియాలో 12 మంది హైస్కూలు పిల్లలతో మొదలుపెట్టిన 'రూట్స్ అండ్ షూట్స్' ఎన్నో దేశాలకు విస్తరించింది. ఉదయ్‌పూర్‌లో 2002లో ఓ అమెరికన్ కుటుంబం నెలకొల్పిన 'యానిమల్ ఎయిడ్'కు ప్రపంచం నలుమూలల నుంచీ విరాళాలు వస్తాయి. మన దగ్గర 1992లో అమల మొదలుపెట్టిన బ్లూక్రాస్ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా!

మనసుంది. డబ్బూ ఉంది. చిక్కంతా దారి దగ్గరే.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టమని ఒకటుంది. 2010 నాటిది. 2020లో దాన్ని ఇంకాస్త బిగించారు. స్వచ్ఛంద సంస్థ ఏదైనా విదేశీయుల నుంచి పైసా తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ దగ్గర నమోదై ఉండాలి, లేదా ముందస్తు అనుమతి పొందాలి. నమోదు కావాలంటే సంస్థ పెట్టి కనీసం మూడేళ్లు కావాలి. ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. వచ్చే సొమ్ము ఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే ముందు పడాలి. పోనీ నమోదున్న పెద్ద సంస్థకు పంపి, అక్కణ్నుంచి చిన్న సంస్థకు ఇప్పిద్దామా అంటే... 2020 సవరణ ఆ తలుపునూ మూసేసింది. రేకుల షెడ్డులో పాతిక కుక్కల్ని సాకుతున్న చిన్న ట్రస్టు వైపు నుంచి చూస్తే డాలరు అందని ద్రాక్షే.

ఒక వెసులుబాటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బును విదేశీ విరాళంగా లెక్కించరు. డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్న సంగారెడ్డి కుర్రాడు తన జేబులోంచి నిక్షేపంగా పంపొచ్చు. అదే కుర్రాడు కాలేజీలో కేకులమ్మి అమెరికన్ స్నేహితుల దగ్గర పోగుచేసింది పంపితే అది సొంత డబ్బు కాదు. పౌరసత్వం మారిన బాబాయి ఇచ్చేదీ విదేశీ విరాళం కిందికే వస్తుంది. అంతెందుకు, విదేశీ విద్యార్థి ఇక్కడి క్యాంపస్‌లో నిలబడి హుండీలో వంద రూపాయలు వేసినా చట్టం దృష్టిలో అది సరిహద్దు దాటి వచ్చినట్టే!

డబ్బు వచ్చాకైనా ఎటు పోతోందో చూడాలి. రక్తం కారుతున్న కుక్క ఫొటో పెడితే చందాలు కురుస్తాయి. వంద కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయాలంటే ఒక్కరూ కదలరు. కానీ ఇస్నాపూర్ బిడ్డకూ ఎద్దుమైలారం కుక్కలకూ ఇద్దరికీ పనికొచ్చేది ఆ రెండోదే. కుక్కను పట్టుకోవడం, ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేయడం, గుర్తుకు చెవి కొస కాస్త కత్తిరించడం, కోలుకున్నాక పట్టుకున్నచోటే వదలడం... 2001 నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ చెప్పేది ఇదే. ఓ ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పది చోట్ల పదేసి కుక్కలకు చేస్తే ఫలితముండదు. ఒక కాలనీ పట్టుకుని పూర్తి చేయాలి.

విద్యాసంస్థల మాట మాత్రం ఇప్పుడు వేరు. బళ్లు, కాలేజీలు, ఆస్పత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోని వీధికుక్కల్ని ఆపరేషన్, టీకా అయ్యాక మళ్లీ అక్కడే వదలకూడదని, షెల్టర్లకు తరలించాలని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే మెస్సు వెనకాల తోకాడిస్తూ తిరిగే నేస్తం ఎక్కడికి పోతుందన్నది విద్యార్థులకు సొంత సమస్య అయింది. షెల్టరంటే నాలుగు గోడలు కాదు కదా. రోజూ తిండి, డాక్టరు, మందులు, ఊడ్చే మనిషి, జబ్బు కుక్కకు వేరే గది... కుక్క బతికే పదీ పన్నెండేళ్లూ ఆగని ఖర్చు. ఒక ఆదివారం పరుగు పందెంతో పోగయ్యే డబ్బు ఎన్నాళ్లొస్తుంది?

చందా వేసే ముందు ఆ సంస్థకు విదేశీ విరాళాల నమోదుందా, కిందటేడు ఎన్ని ఆపరేషన్లు చేసింది, జీతమిచ్చే పశువైద్యుడున్నాడా అని అడగడం తప్పేం కాదు. క్యాంపస్‌లో, ఆ పక్క బస్తీలో కుక్కలెన్ని, వాటిలో చెవి కత్తిరించినవెన్ని అని లెక్కపెట్టడానికైతే ఏ అనుమతీ అక్కర్లేదు. నలుగురు కుర్రాళ్లు, రెండు సాయంత్రాలు, ఒక నోటుపుస్తకం చాలు. ఎంత డబ్బు కావాలన్నది ఆ లెక్క తేలాకే తెలిసేది.