కత్తికి వీరుడున్నాడు, కుండకి ఎవరూ లేరు

పాతపట్నంలో మా అమ్మమ్మ పోయినప్పుడు మావయ్య నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరిగి పగలగొట్టాడట. 'అట' అనడమెందుకంటే నేను చూడలేదు. ఆడవాళ్లని వీధి మలుపులోనే వెనక్కి పంపేశారు. మా వైపు కుమ్మరి ఇళ్లలో మట్టి పిసికేదీ, కుండలు ఎండబెట్టేదీ, సంతకి మోసేదీ మాత్రం ఆడవాళ్లే.

చావుకీ కుండకీ బంధం చాలా పాతది. మా జిల్లాలోనే ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో పెద్దబండ కప్పిన బృహత్ శిలాయుగపు సమాధి ఉంది. ఇలాంటివాటిని తెలుగునాట రాక్షసగుళ్లనీ, పాండవగుళ్లనీ అంటారు. రాక్షసులకీ పాండవులకీ దక్కిన చోటు మామూలు మనుషులకి దక్కలేదు. 1947లో మార్టిమర్ వీలర్ తవ్వించిన కర్ణాటకలోని బ్రహ్మగిరి సమాధుల్లో ఇనుప వస్తువులూ ఉన్నాయి, నలుపు-ఎరుపు కుండలూ ఉన్నాయి.

నా పేచీ వీటిని చదివే తీరుతో. కత్తి దొరికితే వెంటనే ఒక 'యోధుడు' పుడతాడు. కుండ దొరికితే అంచు వంపు, అడుగు ఆకారం కొలిచి వదిలేస్తారు. కత్తి హోదా, కుండ సామాను! స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన ఆయుధాల సమాధిలోని 'యోధుడు' ఆడమనిషని 2017లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది. మగవాడనుకోవడానికి కత్తి చాలింది. ఆడమనిషి అనడానికి డీఎన్ఏ కావలసివచ్చింది.

పేచీ మనతోనూ ఉంది. కుండ కనిపిస్తే చాలు, గర్భానికి ప్రతీక అని మురిసిపోతాం. బ్రహ్మగిరిలో అంతకు ముందటి నవశిలాయుగపు వాళ్లు పసిబిడ్డలని కుండల్లో పెట్టి పాతిపెట్టారు. 'తిరిగి తల్లి కడుపులోకి' అని రాసేయడం సులువు. కానీ ప్రతీక అనగానే పనిచేసిన చేతులు మాయమవుతాయి. నలుపు-ఎరుపు కుండని బోర్లించి కాలుస్తారు. గాలి అందని లోపలి వైపు నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి వైపు ఎర్రబడుతుంది. ఇది నిప్పునీ గాలినీ అదుపులో పెట్టిన మనిషి విద్య. దాన్ని గర్భమనీ సామాననీ అంటే ఎలా?

ఆ కుండలన్నీ ఆడవాళ్లే చేశారని నేననడం లేదు. ఎవరు చేశారని అడగకుండా రాసిన చరిత్రని ఒప్పుకోనంటున్నాను. కత్తికి వేసిన ప్రశ్న కుండకీ వెయ్యాలి.

అమ్మమ్మ చితి దగ్గర కుండ పగలగొట్టిందెవరో మా ఇంట్లో అందరికీ గుర్తే. దాన్ని చేసిందెవరో నేను కూడా అడగలేదు.