టీము ఎవరిది? స్పెయిన్, ఇంగ్లాండ్, మన దేవరకొండ

పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికగ చదవండి.

మొన్న హాస్టల్ల ఫోన్ల మ్యాచ్ చూస్తుంటే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, కింది డివిజన్ల ఆట స్పెయిన్‌ది మంచిగుంటదా, ఇంగ్లాండ్‌దా?" నాకైతే ఆట కంటే ముందు ఇంకో తేడా కనిపిస్తది. ఆ టీము ఎవరిది?

స్పెయిన్‌లో పెద్ద క్లబ్బుల రెండో జట్లు కూడా కింది డివిజన్లలో ఊరి క్లబ్బులతో పోటీ పడతాయి. రియల్ మాడ్రిడ్‌కు క్యాస్టిల్లా అట్లాంటిదే. 18, 19 ఏళ్ల పిల్లలు పెద్దోళ్లతో ఆడి తొందరగా రాటుదేలుతారు. ఇది నిజంగా మేలే. కానీ అసలు జట్టున్న డివిజన్‌లోకి రెండో జట్టు పోరాదు. 1983-84లో క్యాస్టిల్లా రెండో డివిజన్ గెలిచి కూడా అక్కడే ఉండిపోయింది. అంటే అది పిల్లలను తయారుచేసి పైకి పంపే జట్టు. దానికదే ఎదగలేదు.

ఇంగ్లాండ్‌లో లీగ్ డివిజన్లలోకి రెండో జట్లను రానివ్వరు. కుర్రాళ్లకు వేరే పోటీలుంటాయి, లేదంటే చిన్న క్లబ్బులకు లోన్ మీద పంపుతారు. అక్కడ చిన్న క్లబ్ అంటే ఊరి సొంతం. వింబుల్డన్ క్లబ్బును వేరే ఊరికి తరలించడానికి ఒప్పుకున్నరని 2002లో అభిమానులే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నరు. ఆటగాళ్ల కోసం ఊరి మైదానంలోనే సెలక్షన్స్ పెట్టిండ్రు. బాగా కింది మెట్టు నుంచి మొదలుపెట్టి 2011 కల్లా నాలుగో డివిజన్‌కు చేరిండ్రు. అక్కడ కష్టాలు లేవని కాదు. పైసల ఇబ్బందితో బరీ క్లబ్బును 2019లో లీగ్ నుంచే తీసేసిండ్రు.

మరి మన సంగతేంది? 2021-22 ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారింది. మన దిక్కు ఉన్నది సగం స్పెయిన్ పద్ధతి. గురుకులాలు, స్పోర్ట్స్ స్కూళ్లు తండాల నుంచి పిల్లలను ఏరుకుంటాయి. దొరికినోళ్లకు అది వరమే. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య అక్క ఇండియా జట్టుకు ఆడుతుంటే మనందరికీ గర్వం. కానీ ఆమె క్లబ్ ఆట కేరళ గోకులంలో, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌లో, క్రొయేషియా దాకా సాగింది.

సెలక్షన్‌లో మిగిలిపోయినోళ్ల గతేంది? నేను ఇంటర్ దాకా ఆడిన. డిగ్రీకొచ్చినంక ఆడుదామంటే జట్టే లేదు. మా బ్యాచ్ గోల్‌కీపర్ ఇప్పుడు ఆటో నడుపుతుండు. పండక్కి ఎవరో ఒకరి స్మారక టోర్నమెంట్ పెడతరు. జెర్సీ మీద లీడర్ ఫొటో ఉంటది. మూడు రోజులకు అయిపోతది, జట్టు కూడా అక్కడికే ఖతం. కబడ్డీకైనా ఇదే కథ.

అందుకే నా ఓటు ఇంగ్లాండ్ పద్ధతికే. సెలక్షన్ వద్దంటలేను, అదొక్కటే సరిపోదంటున్న. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, కొల్లాపూర్‌కు తలా ఒక జట్టు ఉండాలె. ఊరి పేరే పెట్టాలె, లీడర్ పేరు వద్దు. నెలకు రెండు ఆదివారాలు ఆడాలె. జట్లు పెరిగినంక రెండు డివిజన్లు చేయాలె. గెలిచినోళ్లు పైకి, ఓడినోళ్లు కిందికి. ఆటో నడిపేటోడు, డిగ్రీ చదివేటోడు, చెంచు పెంటల నుంచి వచ్చేటోడు ఒకే జట్టుల ఉండాలె. అక్కచెల్లెళ్ల జట్లు కూడా మొదటి ఏడు నుంచే పెట్టాలె.

దీనికి స్టేడియం అక్కర్లేదు. కాలేజీ గ్రౌండ్, రెండు గోల్‌పోస్టులు, లెక్క రాసేటోడు ఒకడు చాలు. మీ ఊర్ల ఎంతమంది వస్తరో కింద రాయండి. దేవరకొండ లెక్క నేను రాస్త.