ఓటరు కార్డు వెనక్కి తిప్పి చూడండి

వానలు మొదలయ్యాయంటే మా వదిన ఫోన్ చేసి ముందు వాగు సంగతి చెప్తుంది, ఆ తర్వాతే అమ్మ ఆరోగ్యం సంగతి. అమ్మగారి ఊరికీ, హైస్కూలున్న పక్క ఊరికీ మధ్య ఒక వాగుంది. దాని మీద ఉన్నది నేలకు ఆనుకున్న కాజ్‌వే. పైన చెరువు మత్తడి దుంకిందంటే ఆ కాజ్‌వే కనిపించదు. పోయిన వానాకాలంలో మా మేనకోడలు పదకొండు రోజులు బడికి పోలేదు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. "పదోది అయితే చాలు. ఇంటర్‌కు రోజూ ఈ వాగు దాటించి ఎట్ల పంపాలె? నాకు పానం గుంజుతది" అంది వదిన. ఆమెను తప్పు పట్టలేను. ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి ఇంట్లో ఎవరూ వద్దనక్కర్లేదు, దారి లేకపోతే చాలు.

"మరి అర్జీ పెట్టలేదా?" అని అడిగాను. పెట్టారట, మూడుసార్లు. మా అన్న, ఊళ్లో ఇంకో నలుగురు కలిసి ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పోయారు. శాలువా కప్పారు, ఫొటో దిగారు. నేను అర్జీ కాపీ చూపించమన్నాను. "కాపీ ఎందుకే? ఫొటో ఉన్నది గద" అన్నాడు అన్న. ఫోన్లో ఫొటో చూశాను. శాలువా స్పష్టంగా ఉంది, మనుషులు స్పష్టంగా ఉన్నారు, కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం కనిపించలేదు. అసలు సంగతి తర్వాత తెలిసింది. వాళ్లు పోయింది తమ ఎమ్మెల్యే దగ్గరికి కాదు. జిల్లా ఒకటే కదా అని జిల్లా కేంద్రంలో ఉన్న ఎమ్మెల్యే దగ్గరికి పోయారు. మూడోసారి పోయినప్పుడు అక్కడి మనిషి "మీ మండలం మాకు రాదన్నా" అన్నాడట. అప్పటికి ఏడాది గడిచిపోయింది.

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. బీఏ చదివిన నాకు కూడా అమ్మగారి ఊరికి ఎమ్మెల్యే ఎవరో సరిగ్గా తెలియదు. సీరియల్లో ఎవరి కోడలు ఎవరో తడుముకోకుండా చెప్తాను. మన తరఫున అసెంబ్లీలో కూర్చున్న మనిషి ఎవరంటే మాత్రం మా ఆయన మొహం చూస్తాను. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదేనని నా అనుమానం. అందుకే ఇది రాస్తున్నాను.

మన దగ్గర ఈ తికమకకు ఒక కారణం ఉంది. మన నియోజకవర్గాల హద్దులు 2008 పునర్విభజనలో గీసినవి. మన జిల్లాలు 2016 అక్టోబర్ 11న పుట్టాయి. రెండూ ఒకదానితో ఒకటి కలవవు. చేర్యాల, మద్దూరు, కొమురవెల్లి సిద్దిపేట జిల్లాలో ఉన్నాయి, ఎమ్మెల్యే మాత్రం జనగామ. తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాద్ జిల్లా, ఎమ్మెల్యే పాలకుర్తి. గార్ల, బయ్యారం కూడా మహబూబాబాద్ జిల్లానే, ఎమ్మెల్యే ఇల్లెందు. కొత్తగూడ, గంగారం వాళ్లకు ములుగు. కాటారం, మహదేవపూర్, మల్హర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నా ఎమ్మెల్యే మంథని. శాయంపేట హనుమకొండ జిల్లాలో ఉన్నా ఎమ్మెల్యే భూపాలపల్లి. అంటే కలెక్టరును జిల్లా లెక్కన వెతకాలి, ఎమ్మెల్యేను నియోజకవర్గం లెక్కన వెతకాలి.

వెతకడం పెద్ద పనేమీ కాదు. మీ ఓటరు కార్డు వెనక్కి తిప్పండి. శాసనసభ నియోజకవర్గం అని, దాని నంబరూ పేరూ ఉంటాయి. జనగామ 98, స్టేషన్ ఘన్‌పూర్ 99, పాలకుర్తి 100, డోర్నకల్ 101, మహబూబాబాద్ 102, భూపాలపల్లి 108. రాష్ట్రం మొత్తం 119. ఆ పేరు పట్టుకుని తెలంగాణ శాసనసభ వెబ్‌సైట్‌లో చూస్తే సభ్యుల పేర్లు నియోజకవర్గాల వారీగా దొరుకుతాయి. ఫోన్లో వంటల వీడియోలు వెతకడం వచ్చిన ఎవరికైనా ఇది వస్తుంది.

ఎమ్మెల్యే ఒక్కరే కాదు, మనకు ఎమ్మెల్సీలు కూడా ఉన్నారు. శాసనమండలిలో 40 మంది. అందులో ముగ్గుర్ని డిగ్రీ చదివినవాళ్లే ఎన్నుకుంటారు. మన మూడు జిల్లాలూ చాలావరకు వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల నియోజకవర్గంలోకి వస్తాయి. జనగామ ఎమ్మెల్యేగా గెలిచాక పల్లా రాజేశ్వర్ రెడ్డి ఆ సీటు వదులుకుంటే 2024 మే నెలలో ఉప ఎన్నిక జరిగింది. అప్పుడే నేను మొదటిసారి నా డిగ్రీ సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలోంచి తీసి ఫారం 18 నింపాను. పెళ్లయ్యాక ఆ కాగితానికి దొరికిన మొదటి పని అదే. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి, ఇక్కడే నివాసముంటే చాలు, ఉద్యోగం ఉండాలని లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. పోయినసారి పేరుంది కదా అని ఊరుకుంటే ఈసారి ఉండదు. ఈ సీటు గడువు 2027 మార్చి వరకు. ఇంట్లో డిగ్రీ చదివిన కోడళ్లు, కూతుళ్లు ఉంటే ఇప్పుడే చెప్పిపెట్టండి.

ఇక కమిటీల సంగతి. 2024 సెప్టెంబరులో ప్రజా పద్దుల కమిటీ కుర్చీ ఎవరికి దక్కాలన్న గొడవ రోజుల తరబడి టీవీలో చూశాం. ఆ కమిటీ ఏం చేస్తుందో మాత్రం నాకు ఆ గొడవలో ఎక్కడా వినబడలేదు. అది ఇంట్లో నెలాఖరు లెక్క లాంటిది. ప్రభుత్వం పెట్టిన ఖర్చు మీద కాగ్ ఇచ్చే నివేదికల్ని పరిశీలిస్తుంది. బడ్జెట్ అంచనాల్ని చూసేందుకు అంచనాల కమిటీ ఉంది. అదే నెల దానికి కోదాడ ఎమ్మెల్యే పద్మావతి రెడ్డిని అధ్యక్షురాలిగా నియమించారు. నాకు అన్నింటికంటే నచ్చింది ప్రభుత్వ హామీల కమిటీ. సభలో మంత్రులు "చేస్తాం, పరిశీలిస్తాం" అని ఇచ్చిన మాట ఎంతవరకు వచ్చిందో చూడటం దాని పని. ఇంట్లో మనం చేసే పనే అది. "పండక్కి సున్నం వేయిస్తానన్నారు, ఏమైంది?" అని గుర్తుచేసేది మనమే కదా.

పిటిషన్ల కమిటీ అని ఇంకోటుంది. పదిమందికి సంబంధించిన సమస్య మీద సభకు అర్జీ ఇవ్వాలంటే దారి అదే. ఆ అర్జీని సభ్యుడి ద్వారా సభకు చేర్చొచ్చు. అంటే కమిటీ గడప తొక్కాలన్నా ముందు మన ఎమ్మెల్యే ఎవరో మనకు తెలియాలి. మనం నేరుగా చెప్పుకోగలిగింది మన ఎమ్మెల్యేకే. ఆ విషయాన్ని సభలో ప్రశ్నగా అడిగే హక్కు ఆయనకో ఆమెకో ఉంది. మంత్రి జవాబు చెప్తే అది రికార్డులోకి ఎక్కుతుంది. హామీ ఇస్తే కమిటీ లెక్కలోకి వస్తుంది. మన కాగితం అంత దూరం పోగలదని తెలిస్తే, దాన్ని శాలువా కింద పెట్టి ఇవ్వం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వీధి దీపం వెలగకపోయినా, మోరీ నిండినా ఎమ్మెల్యే దగ్గరికే పరుగెత్తడం మనకు అలవాటు. అది సర్పంచిదో, మున్సిపాలిటీదో పని. చట్టాలు, బడ్జెట్ చూడాల్సిన మనిషిని మోరీల దగ్గర నిలబెట్టి, అసెంబ్లీలో మాట్లాడటం లేదని మనమే తిట్టుకుంటే ఎట్లా? కానీ వాగు మీద వంతెన పంచాయతీ డబ్బుతో కాదు, దానికి రాష్ట్రం నిధులు మంజూరు చేయాలి. మా ఊరొక్కటే కాదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచింది, జనాన్ని హెలికాప్టర్లలో, పడవల్లో తీసుకొచ్చారు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ వైపు ఆకేరు ఉగ్రరూపం చూశాం, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఇన్ని వాగులున్న చోట ఏ వాగు మీద ముందు వంతెన కట్టాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. అడగని ఊరి పేరు ఆ వరుసలో చివరనే ఉంటుంది.

కాబట్టి ఈసారి అర్జీ నేనే రాశాను. డిగ్రీలో పాల్కురికి సోమనాథుడి జానుతెనుగు గురించి వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నాను, అందరికీ అర్థమయ్యే తెలుగు రాయాలని. ఆయన మన పాలకుర్తి వాడే. అర్జీ రాయబోతే మాత్రం నా చేయి "తమరి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టింది. ఆ కాగితం చించేశాను. రెండోది ఇట్లా రాశాను: వాగు ఏ రెండు ఊళ్ల మధ్య ఉంది, రోజూ ఎంతమంది పిల్లలు దాటుతారు, పోయిన ఏడు ఏ తేదీల్లో దారి మూతపడింది, చుట్టూ తిరిగి పోతే ఎన్ని కిలోమీటర్లు. చివర్లో అడిగింది ఒక్కటే: కాజ్‌వే స్థానంలో వంతెన మంజూరు చేయించండి, ఈ విషయం సభలో ప్రశ్నగా అడగండి. మొత్తం ఒకే పేజీ. పింఛన్ల సంగతి, రేషన్ సంగతి కూడా రాయమన్నారు ఊళ్లో. రాయలేదు. ఒక కాగితానికి ఒకే సమస్య. పది కోరికలుంటే ఏదీ చదవరు.

వదిన ఆ కాగితాన్ని పొదుపు సంఘం మీటింగుకు తీసుకుపోయింది. ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టారు, అందులో ఆరుగురివి వేలిముద్రలు. "ఆడోళ్లం రాస్తే ఎవలు సదువుతరు?" అని ఒక పెద్దమ్మ అడిగిందట. దానికి వదిన "ఓటుకు వచ్చినప్పుడు ఆడోళ్లకే గద ముందు బొట్టు పెడ్తరు" అందట. వదిన అంత మాట అంటుందని నేను అనుకోలేదు.

ఒక కాపీ సరైన నియోజకవర్గం క్యాంపు ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. ఇంకోటి ఎమ్మెల్యే పేరు రాసి, తెలంగాణ శాసనసభ, పబ్లిక్ గార్డెన్స్, నాంపల్లి, హైదరాబాద్ అడ్రసుకు స్పీడ్ పోస్టు చేశాం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో మూడోది ఇచ్చాం. నెలన్నర తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి వాగు దగ్గర టేపు పట్టి కొలిచి పోయారు. అంతే. వంతెన రాలేదు. ఉత్తరం రాస్తే వంతెన వస్తుందని నేను మీకు చెప్పను.

అయినా మునుపటికీ ఇప్పటికీ తేడా ఉంది. అప్పుడు మా చేతిలో ఉన్నది ఫొటో, ఇప్పుడు ఉన్నది తేదీ. "ఫలానా రోజు ఇచ్చాం, ఫలానా రోజు కొలిచారు, ఆ తర్వాత ఏమైంది?" అని రెండో ఉత్తరం రాయొచ్చు. రాశాం కూడా. ఫొటో పట్టుకుని అడిగితే దయ చూపించమన్నట్టు ఉంటుంది. తేదీ చూపించి అడిగితే లెక్క అడిగినట్టు ఉంటుంది. మా ఆయన మొదట్లో "మీ అన్న ఉండగా నీకెందుకు ఆ తలనొప్పి?" అన్నారు. అన్న మూడుసార్లు పోయాడు, నిజమే. కానీ ఏ తేదీల్లో బడి పోయిందో అన్నకు తెలియదు, వదిన క్యాలెండర్ మీద ఉంది. పాల లెక్క పక్కనే చిన్న చిన్న సున్నాలు చుట్టి పెట్టింది. సమస్య వివరాలు ఆడవాళ్ల దగ్గర ఉంటాయి, సంతకాలు మాత్రం మగవాళ్లవి ఉంటాయి. అర్జీలు అందుకే అంత బోసిగా ఉంటాయని నాకనిపిస్తుంది.

"మనం ఓటేసింది వాళ్లకు కాదు కదా" అని కొందరంటారు. మీరు ఎవరికి వేసినా, గెలిచిన మనిషి మీ మనిషే. 2023 ఎన్నికల్లో 119 మందిలో గెలిచిన ఆడవాళ్లు పదిమంది. వాళ్లలో పాలకుర్తి యశస్వినిరెడ్డి, ములుగు సీతక్క మన చుట్టుపక్కల వాళ్లే. మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చే చట్టం అదే ఏడాది వచ్చింది, జనగణన, పునర్విభజన అయితే గానీ అమలు కాదు. అప్పటిదాకా సభలో మన సంఖ్య తక్కువే. కనీసం సభకు చేరే ఉత్తరాల్లోనైనా మన సంఖ్య పెంచుకుందాం.

ఈ రోజు పని అయ్యాక ఓటరు కార్డు తీసి వెనక్కి తిప్పి చూడండి. మీ అత్తగారిది, మీ అమ్మగారి ఊళ్లో వాళ్లదీ కనుక్కోండి. రెండూ ఒకటే అవుతాయని అనుకోకండి. మా మేనకోడలు ఇప్పుడు క్యాలెండర్ మీద సున్నాలు తనే చుడుతోంది. ఈ వానాకాలానికి ఇప్పటికి నాలుగయ్యాయట. మూడో ఉత్తరం తనే రాస్తానంది.