డాబా మీది ఎండ, వీధి తీగ

పోయిన ఏడాది చల్లపల్లిలోని మా డాబా మీద 3 కిలోవాట్ల సౌరఫలకాలు పెట్టించాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీ వచ్చింది. ఆ తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పక్క పెంకుటింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, "ఎండ కాస్తూనే ఉందిగా నాయనా, మీ ఇంట్లో ఫ్యానూ ఆగిందేం?" అన్నారు.

బ్యాటరీ లేని ఏర్పాటు ఇది. వీధి తీగలో కరెంటు లేకపోతే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకూడదని ఆ నియమం. నా డాబా మీది ఎండకు విలువ కట్టేది ఆ తీగేనని అప్పుడు తెలిసివచ్చింది.

కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున నాకు 12 యూనిట్లు వస్తాయి. పగలు అందులో సగం కూడా మాకు అక్కరలేదు. మిగిలినది పక్కింటి ఫ్రిజ్‌కో, వీధి చివరి పిండిమరకో చేరుతుంది. అదే యూనిట్ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి రావాలంటే అక్కడ బొగ్గు కాలాలి, దారిలో కొంత తీగల్లోనే వేడిగా పోవాలి. ఆ ఆదా ఊరందరిదీ.

సాయంత్రం ఏడింటికి సంగతి వేరు. నేనూ బొగ్గు కరెంటే తీసుకుంటాను. మధ్యాహ్నం ఇచ్చిన యూనిట్‌కు రాత్రి తీసుకున్న యూనిట్ చెల్లు అంటుంది నెట్ మీటరు. నాకు లాభమే, కానీ ఆ రెండింటి ఖరీదు ఒకటి కాదు. పైగా ఎక్కువ వాడినవారు ఎక్కువ ధర చెల్లించే శ్లాబుల పద్ధతి మనది. డాబాలున్నవాళ్లం పై శ్లాబుల నుంచి జారుకుంటే, స్తంభాల, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు పిన్నిగారి వంటివారి మీద పడుతుంది.

అలాగని డాబాలను తీగకు కలపవద్దని అనను. ఇంకా కలపాలి. అయితే పగటి యూనిట్‌కు పగటి ధర, రాత్రి యూనిట్‌కు రాత్రి ధర కట్టాలి. బ్యాటరీలో దాచి సాయంత్రం ఇచ్చేవారికి ఆ మేరకు ఎక్కువ ముట్టాలి. డాబా లేనివారికి బడి మీదనో, పంచాయతీ కార్యాలయం మీదనో పెట్టిన ఫలకాలలో వాటా ఉండాలి. ఇటువంటి ఉమ్మడి వాటాకు ఢిల్లీలో 2019లోనే నియమాలు వచ్చాయి.

మనం కృష్ణ కాలువల కింద బతికేవాళ్లం. ఎగువవాడు వంతు మించి మడవ తీస్తే శివారు చేను ఎండుతుందని మనకు వేరే చెప్పాలా? కరెంటు తీగా ఒక కాలువే. మీ ఊళ్లో ఈ లెక్క ఎలా ఉందో మీరూ చెప్పండి.