సీపీలు మనం తినం, సరే

జుమ్మా నమాజ్ అయ్యాక ఎల్లారెడ్డిపేటలో మసీదు బయట చాయ్ తాగుతూ ఒక ముచ్చట తీశాను. కంటికి కనపడని ప్లాస్టిక్ తునకలు సీపీలను, అంటే ఆల్చిప్పలను, ఏం చేస్తున్నాయో సైంటిస్టులు వాటి జీన్లలో వెతుకుతున్నారని. పక్కనున్న చాచా నవ్వాడు. "బేటా, మనం హనఫీలం. జీంగా తినాలన్నా పదిమందిని అడుగుతం. సీపీలతోని మనకేం పని?"

చాచా మీద నాకు ఎహతెరామ్ ఉంది. ఈ జవాబు మీద మాత్రం లేదు. ఇక్కడ మస్లా హలాలా, మక్రూహా అన్నది కాదు.

సీపీ ఉన్నచోటే ఉండి నీళ్లు లోపలికి లాగి, వడకట్టి, దొరికింది తింటుంది. నీళ్లు ఖరాబైతే చేపలా పారిపోలేదు. అందుకే నీటి హాల్ దానికంటే బాగా చెప్పే గవా లేదు. ఫ్రాన్స్‌లో ఆయిస్టర్లను రెండు నెలలు పాలీస్టైరిన్ రేణువులు కలిపిన నీటిలో ఉంచి చూశారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో గుడ్ల సంఖ్య 38 శాతం తగ్గింది, వీర్యకణాల వేగం 23 శాతం తగ్గింది, పుట్టిన లార్వాలు 41 శాతం తగ్గాయి. చావలేదు. ఔలాద్ తగ్గింది. ఆయిస్టర్ జీనోమ్ 2012లోనే చదివేసి ఉన్నారు. జీనోమ్ ఒక కితాబ్ అనుకోండి, సీక్వెన్సింగ్ అంటే దాన్ని హర్ఫ్ హర్ఫ్ చదవడం. కితాబ్ చేతిలో ఉంటేనే, ప్లాస్టిక్ మింగాక ఏ సఫా తెరుచుకుందో ఏది మూసుకుందో తెలుస్తుంది.

మన దేశంలోనూ కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2023లో పచ్చ ఆల్చిప్ప కితాబ్ చదివింది. 15 క్రోమోజోములు, 49,654 జీన్లు.

సముద్రమెక్కడ, ఎల్లారెడ్డిపేట ఎక్కడ అంటారా? మానేరు పోయి గోదావరిలో కలుస్తుంది, గోదావరి బంగాళాఖాతంలో. మానేరు ఒడ్డునే సిరిసిల్ల, అక్కడ పవర్‌లూమ్‌ల మీద నేసేది ఎక్కువగా పాలియెస్టర్. పాలియెస్టర్ అంటే ప్లాస్టిక్ దారమే. ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు 2016లో లెక్క కట్టారు: 6 కిలోల పాలియెస్టర్ బట్టలు ఒక్కసారి మెషిన్లో వేస్తే దాదాపు 5 లక్షల పోగులు నీటిలోకి రాలుతాయి. మా ఇంట్లో ఉతికే బుర్ఖాలు, దుపట్టాలు, నా కుర్తాలు అన్నీ పాలియెస్టరే. మీ ఇంట్లో వేరేనా? తినని సీపీ నోట్లోకి మన మోరీ నీళ్లు పోతున్నాయి. తౌబా, ఇంకా "మనకేం పని" అందామా?

"అంటే మగ్గాలు బంద్ చేయమంటవా?" అని ఒక నేత కార్మికుడు అడిగాడు. కాదు భాయ్. సిరిసిల్లలో అప్పులపాలై ఉసురు తీసుకున్నవాళ్ల ఖబర్లు రాసిన చేతులివి, ఆ మాట నా కలం రాయదు. కానీ 2017 నుంచి బతుకమ్మ చీరలకు కోట్ల మీటర్ల ఆర్డర్ ఇచ్చింది సర్కారే కదా. ఏ దారంతో నేయాలో చెప్పే తాకత్ మగ్గం నడిపేవాడికి లేదు, డబ్బులిచ్చేవాడికుంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు మనా చేశారు. బండి మీద మిర్చి అమ్మే గరీబుకు జుర్మానా భయం పట్టుకుంది. బట్ట పేరు ఆ జాబితాలో లేదు.

నా ముతాలబా చిన్నది. హైదరాబాద్‌లో సీసీఎంబీ 1977 నుంచి ఉంది, జీన్లు చదవడం వాళ్ల రోజువారీ పని. మానేరులో మంచినీటి ఆల్చిప్పలు ఉన్నాయి, పిల్లలు ఆ గుల్లలతో ఆడుకుంటారు. సిరిసిల్లకు ఎగువన, నర్మాల దగ్గర కొన్ని, దిగువన కొన్ని పట్టుకెళ్లి రెంటి జీన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చిన జవాబు ఇంగ్లీషు పత్రికలో దాచకుండా తెలుగులో, ఉర్దూలో మా మసీదు గోడకు అతికించండి. చాచాకు చదివి వినిపించే జిమ్మా నాది.