కీర ముక్కకు ఏ కారం?

మార్చి నెల వచ్చేసరికి గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానాల్లో ఎరుపూ ఆకుపచ్చా ఒకేసారి కంటపడతాయి. ఊళ్ల వెలుపల కల్లాల్లో కోసిన మిరపకాయ ఎండుతుంటుంది. రోడ్డు పక్కన తోపుడు బళ్ల మీద కీర దోసకాయలు నిలువునా నాలుగు చీలికలై, ఉప్పూ కారం అద్దుకుని, దారిన పోయేవాళ్ల దాహం తీరుస్తుంటాయి. నోరు మండించే పంటా, నోటికి చల్లదనమిచ్చే పంటా ఇక్కడ ఒకే రుతువులో చేతికొస్తాయి. ఈ రెండింటినీ కలిపి తినాలని ఈ నేల మీద ఎవరికీ నేర్పనక్కర్లేదు.

కొన్నేళ్లుగా మన పట్టణాల వంటిళ్లలోకి కీరతోనే చేసే కొత్త వంటకం ఒకటి వచ్చింది. చైనావాళ్లు దాన్ని పాయ్ హువాంగ్ గువా అంటారు. కీరను తరగరు, చితక్కొడతారు. వెల్లుల్లి, వెనిగర్, సోయా సాస్, నువ్వుల నూనె, ఎండుమిరప కలిపి పచ్చిగానే తింటారు. కొరియావాళ్లకు ఓయి ముచిమ్ అని ఇలాంటిదే మరొకటి ఉంది. విదేశాల్లో చదువుకుని వచ్చిన పిల్లల నోటా, ఫోన్లలో తిరిగే వంటల వీడియోల ద్వారా ఇది మన ఊళ్లదాకా వచ్చేసింది. పొయ్యితో పెద్దగా పని లేదు, అరగంటలో అయిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం వంటింట్లో నిలబడలేని ఇల్లాలికి ఇంతకంటే మేలైన వంట దొరకదు.

చేసే పద్ధతి తేలికే. అరకిలో లేత కీరలు తీసుకుని, రెండు కొసలూ కోసి, చివర చిన్న ముక్క నాలుక మీద పెట్టి చేదు చూడాలి. ఈ అలవాటు మన ఇళ్లలో దోసకాయ తరిగే ప్రతి చేతికీ ఉన్నదే. దోస జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. నీరు చాలక, ఎండ ఎక్కువై మొక్క నలిగితే అది పెరుగుతుంది. చేదు లేదని తేలాక కీరను పలక మీద పెట్టి రోకలితోనో, వెడల్పాటి కత్తితోనో అదిమితే తనంతట తానే పగులుతుంది. ఆ పగుళ్ల వెంట చేత్తో ముక్కలు చేసుకోవాలి. కత్తితో కోసిన ముక్క నున్నగా ఉండి పులుసును జార్చేస్తుంది. పగిలిన ముక్కకు గరుకైన అంచులుంటాయి కనుక ఉప్పూ పులుపూ కారమూ అక్కడే నిలుస్తాయి.

ముక్కల మీద చెంచాడు ఉప్పు జల్లి, చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచాలి. కీరలో నూటికి 95 పాళ్లు నీరే. ఉప్పు ఆ నీటిలో కొంత బయటికి లాగుతుంది. ఈ పని ఇప్పుడే జరక్కపోతే తరవాత పళ్లెంలో జరుగుతుంది, కలిపిన రుచులన్నీ పలచబడిపోతాయి. దిగిన నీరు వంచేసి నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేయాలి. వెనిగర్, సోయా సాస్ రెండేసి చెంచాలు, పంచదార ఒక చెంచా కలపాలి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం సరిపోతుంది. సోయా సాస్‌లోనే బోలెడు ఉప్పు ఉంటుంది కనుక మళ్లీ ఉప్పు అక్కర్లేదు. చైనా, కొరియాల్లో వాడే నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీసింది, ముదురు రంగుతో ఘాటైన వాసన వేస్తుంది. మన గానుగ నూనె అలా ఉండదు. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి నలిపి వేస్తే ఆ లోటు తీరుతుంది. పైన కాసిని వేయించిన వేరుశనగ పలుకులు జల్లితే మన నోటికి మరింత దగ్గరవుతుంది.

ఇక మిగిలింది కారం. ఏ కారం వేయాలి? మిరప రాజధాని అని పేరుపొందిన గడ్డ మీద ఈ ప్రశ్న వింతగా వినిపించవచ్చు. కానీ ఈ వంటకం మంచీ చెడ్డా తేలేది ఇక్కడే.

ఎందుకో చెప్పాలంటే మిరప మంట సంగతి కొంత చెప్పుకోవాలి. మంటకు మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నోట్లో అది తట్టే నాడీ ద్వారమూ, సుమారు 43 డిగ్రీల పైబడిన వేడిని పసిగట్టే ద్వారమూ ఒకటే. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి కీరలో ఎంత నీరున్నా ఆ నీరు మంటను కడిగేయలేదు. మన పెరుగు పచ్చడిలో పెరుగు ఆ పని చేస్తుంది. పప్పులో పప్పు, నెయ్యి చేస్తాయి. ఈ కీర వంటకంలో అడ్డుపడే పెరుగూ లేదు, పప్పూ లేదు. కారం నేరుగా నాలుకను తాకుతుంది. ఏ మిరప వేశామో, ఎంత వేశామో, అది ఎంత బాగుందో ముక్క నోట్లో పెట్టిన క్షణంలో తెలిసిపోతుంది.

కొరియావాళ్లు వాడే మిరప పలుకులకు రంగెక్కువ, ఘాటు తక్కువ. విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు 1912లో పెట్టిన కొలతలో అవి సాధారణంగా పది వేలు దాటవు. మన గుంటూరు సన్నం అదే కొలతలో సుమారు 35 వేల నుంచి 40 వేల దాకా తూగుతుంది, తేజ దాన్ని కూడా బాగా మించిపోతుంది. వాళ్ల లెక్కన రెండు చెంచాలు వేయమన్న చోట రెండు చెంచాల తేజ వేస్తే ఆ పళ్లెం ముందు ఎవరూ కూర్చోలేరు. అలాగని మన మిరపను పక్కనపెట్టి పరాయి పొట్లం కొనక్కర్లేదు. రంగుకు కర్ణాటక బ్యాడిగి ఉంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా ఉంది, పచ్చళ్లు పెట్టేవాళ్లకు దాని ఎరుపు సంగతి బాగా తెలుసు. వీటిలో ఏదైనా ఒక పాలు ఎక్కువగా, తేజ చిటికెడంత తీసుకుని కచ్చాపచ్చాగా దంచి, మీద వేడి నువ్వుల నూనె పోయాలి. నూనె పొగలు కక్కేంత కాగకూడదు, కారం మాడితే చేదెక్కుతుంది. రంగూ వాసనా మంటా నూనెలోకి దిగాక ముక్కల మీద పోసి కలిపితే అయిపోయినట్టే.

రకాన్ని బట్టి పని అప్పగించే ఈ తెలివి మనకు కొత్తదేం కాదు. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే ఇళ్లలో పెద్దవాళ్లు ఆవకాయకు ఒక కాయ, కూరలకు ఒక కాయ, సాంబారు పొడికి మరొకటి అని విడివిడిగా ఎంచేవారు. గుంటూరు యార్డులోనూ మిరప ఒక్క పేరుతో అమ్ముడుపోదు. తేజ, 334, 341, బ్యాడిగి అని ఏ రకానికి ఆ ధర. రంగు పోయి తెల్లబారిన తాలు కాయకు వేరే ధర. ఇందులో 334 అన్నది గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రం తయారుచేసిన ఎల్‌సీఏ-334. తేజను ఎగుమతి వ్యాపారులు ఎస్-17 అంటారు. మన మిరపను అధికంగా కొనే దేశాల్లో చైనా ముందు వరసలో ఉంది, అక్కడికి వెళ్లేదాంట్లో తేజదే పెద్ద పీట. ఏ పళ్లేనికి ఏ కాయ కావాలో అక్కడి వంటవాళ్లు ఎంచుకుని వాడుకుంటున్నారు. పండించిన మనం మాత్రం దుకాణానికి వెళ్లి పావుకిలో కారం ఇవ్వమని అడిగి, అందులో ఏముందో తెలియకుండానే ఇంటికి తెచ్చుకుంటున్నాం.

ఈ మార్పు బాధ కలిగిస్తుంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. ఒంగోలు ప్రాంతం కూడా అప్పట్లో అందులో భాగమే, 1970లో విడివడి తరవాత ప్రకాశం జిల్లా అయింది. కాగితాల మీద హద్దులు మారినా నేల మారలేదు. అదే నల్లరేగడి, అవే పత్తి చేలు, అవే మిరప చేలు. పత్తి పండించిన రైతు తన పత్తిని తానే కట్టుకోలేడు. జిన్నింగు మిల్లూ నూలు మిల్లూ మగ్గమూ దాటితే గాని అది గుడ్డ కాదు. మిరపకు ఇంత దూరం అక్కర్లేదు. కల్లానికీ కంచానికీ మధ్య ఒక రోలో, మిక్సీయో ఉంటే చాలు. ఇంత దగ్గరి పంటను మనమే దూరం చేసుకున్నాం.

దూరమైన కొద్దీ నమ్మకం తగ్గింది. 2003లో ఐరోపాలో మన దేశపు మిరప సరుకులో సుడాన్ అనే నిషిద్ధ రంగు బయటపడింది. ఆ తరవాత అక్కడికి వెళ్లే మిరప పొడికి ఆ రంగు లేదని తేల్చే పరీక్ష పత్రం జతచేయాల్సి వచ్చింది. పరాయి దేశపు వినియోగదారుడికి అంత కాపలా ఉంది. మన వంటింటికి ఉన్న కాపలా మన కన్నూ ముక్కూ. పొడిలో రంగు కలిపినా కంటికి ఆనదు. పూర్తి కాయను మోసం చేయడం కష్టం. తొడిమ పచ్చిగా ఉందా, కాయ మెరుస్తోందా, విరిస్తే లోపల బూజు వాసన వస్తోందా అన్నవి ఎవరైనా చూసుకోగలరు. సరిగా ఆరని కాయకు బూజు పడుతుంది, కొన్ని రకాల బూజుల నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కూరలో పడి ఉడికే కారానికే ఇంత జాగ్రత్త కావాలంటే, పచ్చి కీర మీద పడే కారానికి ఇంకెంత కావాలి?

ఏ కాయో తెలుసుకుని కొనాలన్న మాట రైతు వైపు నుంచి చూసినా నిలుస్తుంది. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు పూతలోకి చేరి ఈ మైదానాల్లో మిరప చేలను ఊడ్చేసింది. దాన్ని తట్టుకుని నిలిచిన రైతుకు 2025 మొదట్లో ధర కూలిపోయింది. చివరికి ఆ ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. కిలోకు సుమారు 118 రూపాయలన్నమాట. నారుకూ మందులకూ కోత కూలీకీ పెట్టిన ఖర్చు అందులోంచే రావాలి. మండుటెండలో నడుం వంచి కాయ కోసే ఆడవాళ్ల చేతులు, యార్డుల్లో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు రాత్రి దాకా మంటపుడుతూనే ఉంటాయి. అదే కాయ పొడిగా మారి, రంగుల సంచిలో కూర్చున్నాక ఎక్కడ పండిందో, ఏ రకమో దాని మీద ఉండదు. పేరు లేని సరుకుకు మంచి ధర అడగడం ఏ రైతుకైనా కష్టమే.

పేరు తిరిగి రావాలంటే కొనేవాళ్లు అడగాలి. 1999 నుంచి మన ఊళ్లలో రైతు బజార్లున్నాయి. కూరగాయల పక్కనే అరకిలో, కిలో సంచుల్లో ఎండుమిరపను రకం పేరు, ఊరి పేరు, కోసిన నెల రాసి అమ్మే ఏర్పాటు చేయడం మార్కెటింగు శాఖకు పెద్ద పనేం కాదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఆ బాధ్యత తీసుకోవచ్చు. ఎగుమతికి సరిపోయే శుభ్రమైన కాయలో కొంత భాగం పక్క వీధిలో దొరికితే, దానికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి జనం వెనకాడరు. ఆవకాయ పెట్టే ఇల్లు ఏదీ మంచి కారం దగ్గర బేరమాడదు.

పరాయి వంటకం వచ్చి మన వంటకాన్ని మింగేస్తుందని కొందరు కంగారుపడతారు. ఆ కంగారు అక్కర్లేదు. పచ్చి దోసకాయ ముక్కల్లో ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె కలిపితే మన దోసావకాయ. ఆవపిండి స్థానంలో వెల్లుల్లి, వెనిగర్ వస్తే చైనా పళ్లెం. చేలగట్ల మీద తమంతట మొలిచే బుడమకాయలను ఏరుకొచ్చి ఒరుగులు పెట్టుకున్న నేలకు దోస జాతి కాయలతో చుట్టరికం ఈనాటిది కాదు. మిరపే మనకు పరాయిది. పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండాల నుంచి వచ్చింది. చైనా గ్రంథాల్లో 1591లో తొలిసారి కనపడినప్పుడు అది చూడముచ్చటైన ఎర్ర కాయల మొక్క మాత్రమే. ఎక్కడినుంచో వచ్చిన కాయను ఈ మైదానాలు తమ పేరుతోనే ప్రపంచానికి తెలిసేలా చేశాయి. అలాంటి నేలకు ఒక కీర వంటకాన్ని తనది చేసుకోవడం ఏపాటి?

ఈ వేసవిలో పిల్లలు ఆ వంటకం చేస్తామంటే సంతోషంగా చేయనిద్దాం. చేసే ముందు వాళ్ల చేతికి పొడి డబ్బా ఇవ్వకుండా నాలుగు రకాల ఎండుమిరపకాయలు ఇద్దాం. ఒక్కొక్కటీ విరిచి వాసన చూడమందాం, కాయ లోపల గింజలను పట్టుకుని ఉండే తెల్లటి పొరలోనే అసలు మంట ఉందని చెబుదాం, దేనికి రంగెక్కువో దేనికి ఘాటెక్కువో వాళ్లనే తేల్చుకోనిద్దాం. ఏడాది కారం కొట్టించుకునేటప్పుడు రకం పేరూ, పండిన ఊరి పేరూ అడుగుదాం. అడిగేవాళ్లు పెరిగితే చెప్పి అమ్మేవాళ్లూ పెరుగుతారు. మంచి కాయ పండించిన రైతు తన పంట పేరు చెప్పుకుని, దానికి తగిన ధర నిలబడి అడగగలుగుతాడు.