స్టిక్కర్ చూసి కంప్యూటర్ కొనొద్దు

నిరుడు మన హాస్టల్ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకొని నాలుగు కంప్యూటర్లు ఇచ్చారు. ఆ రోజు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇప్పుడు మళ్లీ చందాలు వసూలవుతున్నాయని, ఈసారి అలాంటివే ఆరు ఇవ్వాలని అనుకుంటున్నారని తెలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నిన్నగాక మొన్న వచ్చినవాడు మాకు చెప్పేంతవాడయ్యాడా అని అన్నలు అనుకోరనే నమ్మకం. నా అభిప్రాయం ఒక్కటే. ఆరు వద్దు, రెండు చాలు. కానీ ఆ రెండూ విడిభాగాలు ఏరి మనమే బిగించుకున్నవై ఉండాలి.

నిరుడు వచ్చిన వాటి మీద కోర్ ఐ7 అని స్టిక్కర్ ఉంది. ఐ3 కన్నా ఐ5, ఐ5 కన్నా ఐ7 గొప్పదని మనలో చాలామంది నమ్మకం. ఒకే తరంలో అయితే అది చాలావరకు నిజమే. కానీ ఆ పేరు పక్కన ఉన్న అంకె చూడాలి. మనకొచ్చింది ఐ7-2600, అంటే 2011 నాటి రెండో తరం. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. అయినా ఒక్కో కోరు చేసే పని పాతదానికి దాదాపు రెట్టింపు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ఉండాలి. అమ్మినవాడికి ఇవన్నీ తెలుసు. మన ఇళ్లలో ఇంతకుముందు కంప్యూటర్ కొన్నవాళ్లు ఎవరున్నారు, అడిగి తెలుసుకోవడానికి? షాపులో చెప్పిందే వేదం.

అసలు దెబ్బ ప్రాసెసర్ దగ్గర తగల్లేదు, ఎస్‌ఎంపీఎస్ దగ్గర తగిలింది. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్ అది. మీద 450 వాట్లు అని ఉంటుంది, చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా ఉంటుంది. ఎండాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. టప్పున శబ్దం, కాలిన వాసన. మదర్ బోర్డు, హార్డ్ డిస్కు రెండూ దానితో పాటే పోయాయి. డిగ్రీ ఫైనలియర్ తమ్ముడి ప్రాజెక్టు మొత్తం ఆ డిస్కులోనే ఉంది. వాడు వారం రోజులు నిద్ర మాని మళ్లీ మొదటి నుంచి టైపు చేశాడు. 80 ప్లస్ గుర్తు ఉన్న మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు ఇంకో రెండు వేలు పెట్టి ఉంటే చాలావరకు ఇంత నష్టం ఉండేది కాదని నేను ఇప్పటికీ అంటాను.

నేను 2024లో సొంతంగా ఒకటి బిగించుకున్నాను. ట్యూషన్ డబ్బులు, ఇంటి నుంచి కొంత. ఐ5-12400, హెచ్610 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్, లైట్లు లేని క్యాబినెట్, సెకండ్ హ్యాండ్ మానిటర్. మొత్తం 34 వేల చిల్లర అయింది. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. షాపతను 12400ఎఫ్ తీసుకోమన్నాడు, రెండు వేలు తక్కువన్నాడు. చివర ఆ ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు. ఆ ఒక్క అక్షరం ముందే తెలిసి ఉండబట్టి బతికిపోయాను. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టుకు ఆర్‌లో రాసిన సిమ్యులేషన్ హాస్టల్ సిస్టమ్‌లో రాత్రంతా తిరిగేది. ఇందులో టిఫిన్ చేసి వచ్చేసరికి అయిపోతోంది. డీప్ లెర్నింగ్ వంటివి నేర్చుకునేవాళ్లకు గూగుల్ కొలాబ్‌లో కొంతమేర ఉచితంగానే జీపీయూ దొరుకుతుంది, దానికోసం కార్డు మీద డబ్బు పోయనక్కర్లేదు.

ఆరు ఉంటే ఆరుగురు కూర్చుంటారు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మిగిలిన మూడు పాత సిస్టమ్‌లను పారేయమనడం లేదు. వాటిలో హార్డ్ డిస్కులు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీలు వేసి లినక్స్ ఎక్కిస్తే స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు, టైపింగుకు, నోటిఫికేషన్లు చూసుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతాయి. బరువు పని కొత్త రెండింటి మీద చేసుకుంటారు.

ఒక ఇబ్బంది ఉంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, నా బిల్లు లెక్క ఇప్పుడు పనికిరాదు. డబ్బు చాలకపోతే ఒక్కో సిస్టమ్‌లో ఒకే 8 జీబీ వేసి రెండో స్లాటు ఖాళీగా ఉంచుదాం. ర్యామ్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌లో మాత్రం తగ్గొద్దు. నిరుడు తెల్లకాగితం మీద రాసిచ్చిన బిల్లు తీసుకున్నాం, అందుకే వారంటీ అడగలేకపోయాం. ఈసారి సీల్డు డబ్బాలు, జీఎస్టీ బిల్లు లేకుండా ఒక్క వస్తువూ వద్దు.

పెద్దలు ఒప్పుకుంటే ఒక శనివారం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి నేను వస్తాను. నాలుగు షాపుల్లో ధర రాసుకొని ఐదో షాపులో కొందాం. తోడుగా ఇంటర్ తమ్ముళ్లను ఇద్దరిని పంపండి, బిగించేటప్పుడు వాళ్ల చేతే చేయిస్తాను. స్క్రూడ్రైవర్ నా ట్రంకు పెట్టెలో ఉంది.